మొహమాటమే పెట్టుబడి

హాల్లో మూడు బొమ్మలు గోడకి ఆనుకుని కూర్చున్నాయి. వాటి ఎదుట ఐదేళ్ల పిల్ల, చేతిలో పలక. పలక మీద పైన ఒక సున్నా చుట్టింది, దాని కింద రెండు, ఆ రెంటి కింద నాలుగు. అన్నింటినీ గీతలతో కలిపింది. "ఇది నేనండీ, ఇది మీరు. మీరు ఇంకో ఇద్దర్ని తీసుకురండి ఆంటీ, అప్పుడు మీకూ డబ్బులొస్తాయి" అని చెవి ఊడిన కుందేలు బొమ్మకి ఓపిగ్గా చెబుతోంది. కుందేలు ఎంతకీ పలక్కపోయేసరికి గొంతు తగ్గించి, "తొందరేం లేదండీ, ఆలోచించుకుని చెప్పండి" అంది.

ఆ గొంతు తగ్గించడం వాళ్లమ్మదే. అచ్చంగా వాళ్లమ్మదే. వంటింటి గుమ్మంలో పాలగిన్నెతో నిలబడ్డ ఆ తల్లికి తన గొంతు తనకే వినబడింది.

అది 2009. హైదరాబాదు కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ, మూడో అంతస్తులో రెండు పడగ్గదుల వాటా. ఆ ఇల్లాలు సబ్బులూ షాంపూలూ ప్రొటీన్ పౌడరు డబ్బాలూ అమ్మే ఒక కంపెనీలో చేరి అప్పటికి ఏడాదిన్నర. చేరేనాటికి కొడుక్కి ఎనిమిది నెలలు. ఆమె బి.కాం. చదివింది. పెళ్లికి ముందు గుంటూరులో ఒక ఆడిటరు దగ్గర మూడేళ్లు పద్దులు రాసింది. పిల్లల్ని చూసుకునే పెద్దదిక్కు ఇంట్లో లేదు. అత్తగారు తెనాలి వదిలి రానన్నారు. ఇంట్లో కూర్చుని వేణ్నీళ్లకి చన్నీళ్లలా ఏదైనా చేద్దామనుకుంటున్న రోజుల్లో, పై అంతస్తు ఆవిడ కాగితం మీద సున్నాలు గీసి 'ప్లాన్' చూపించింది. మీ ఇంట్లో మీరుండి, మీ టైములో మీరు చేసుకోవచ్చన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. సున్నాల గురించి ఆ రోజు పెద్దగా ఆలోచించలేదు.

ఆ మాటని ఆశ పుట్టించే అబద్ధమని కొట్టిపారేయడం తేలిక, కానీ న్యాయం కాదు. చంటిబిడ్డ తల్లికి పదింటి నుంచి ఐదింటిదాకా కూర్చోమనే ఉద్యోగం ఎలా కుదురుతుంది? పిల్లాడు పడుకున్న గంటన్నరలో నాలుగు ఫోన్లు చేసుకోగలిగితే, నెల తిరిగేసరికి మూడు నాలుగు వేలు చేతిలో పడితే, పెద్దదాని బడి ఫీజుకి ఎవర్నీ అడగక్కర్లేకపోతే, అది చిన్న విషయం కాదు. మొదటి ఆరు నెలలూ ఆమెకి సరిగ్గా అదే జరిగింది. ఆ డబ్బుతోనే పిల్లకి సైకిలు కొంది. రసీదు చాలాకాలం దాచుకుంది.

తెలుగు గడప దగ్గర అమ్మకాలు కొత్తేమీ కాదు. గాజుల మలారం భుజాన వేసుకుని వచ్చేవాళ్లు, అరుగు మీద చీరల మూట దించేవాళ్లు, పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నె ఇచ్చి పోయే ఆవిడ, అందరూ వీధిలోంచి గడప దాకా వచ్చేవాళ్లే. బేరం కుదరకపోతే "ఈసారికి వద్దులే" అంటే సరిపోయేది. మూట కట్టుకుని పక్కింటికి సాగిపోయేవాళ్లు, మళ్లీ కనబడేది ఏ పండక్కో. ఇలాంటి డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీలు వచ్చాక ఈ వరస తిరగబడింది. గడప లోపలి మనిషే అమ్మకందారు అయింది. కొనేది ఎదురింటి వదినగారు, తోడికోడలు, పిల్ల క్లాసులో చదివే పిల్లాడి తల్లి. వాళ్లకి "వద్దులే" అనడానికి నోరు రాదు. ఒకవేళ అన్నా, మర్నాడు లిఫ్టులో ఎదురుపడాలి. ఈ వ్యాపారంలో సరుకు కంపెనీది, రేటు కంపెనీది, కాగితం మీద గీసే పటం కూడా కంపెనీదే. ఇల్లాలు తెచ్చి పెట్టేది ఒక్కటే, మొహమాటం. పెట్టుబడి అంతా అదే.

అమెరికాలో ఈ కిటుకు పట్టుకున్నవాళ్లు చాలా ముందే ఉన్నారు. ఇంటింటికీ తిరిగి పుస్తకాలమ్మే డేవిడ్ మెకానెల్, పుస్తకంతోపాటు ఇచ్చే సెంటు సీసా మీదే ఆడవాళ్ల చూపు నిలుస్తోందని గమనించి 1886లో సెంట్ల కంపెనీ పెట్టాడు. అదే తర్వాత ఏవన్ అయింది. అయితే హాల్లో కుర్చీలు వేసి అమ్మే పద్ధతికి పేరు తెచ్చిన మనిషి మాత్రం బ్రౌనీ వైజ్. భర్తతో విడిపోయి, కొడుకుని ఒంటిచేత్తో పెంచుతూ, డెట్రాయిట్‌లో ఒక కంపెనీలో సెక్రటరీగా చేస్తూ, రాబడి చాలక ఇళ్లలో సరుకులమ్మడం మొదలుపెట్టింది.

అప్పటికి ఎర్ల్ టప్పర్ గాలి చొరబడని మూతలతో ప్లాస్టిక్ డబ్బాలు తయారుచేసి 1946 నుంచి దుకాణాల్లో పెట్టాడు. అవి కదల్లేదు. మూత ఎలా నొక్కాలో, లోపలి గాలి ఎలా తీయాలో దుకాణంలో చెప్పేదెవరు? బ్రౌనీ వైజ్ ఫ్లోరిడాకి మకాం మార్చి, ఇళ్లలో పార్టీలు పెట్టించి, డబ్బా నిండా పళ్లరసం పోసి మూత బిగించి గది ఈ చివర్నుంచి ఆ చివరికి విసిరేది. చుక్క కారేది కాదు. ఆ పార్టీ పెట్టిన ఇల్లాలికి ఒక బహుమతి. వచ్చిన స్నేహితురాళ్లు కాఫీ తాగి, కేకు తిని, ఊరికే లేచి వెళ్లడానికి సిగ్గుపడేవాళ్లు. మొహమాటం మన దగ్గరే పుట్టిందనుకుంటాం కానీ, ఫ్లోరిడా ఇళ్లలోనూ అది పనిచేసింది. 1951లో టప్పర్ తన డబ్బాలని దుకాణాల్లోంచి పూర్తిగా తీసేసి, అమ్మకాలన్నీ బ్రౌనీ వైజ్ చేతిలో పెట్టి ఆమెని వైస్ ప్రెసిడెంటుని చేశాడు. 1954లో 'బిజినెస్ వీక్' పత్రిక ముఖచిత్రం మీదికి ఎక్కిన మొదటి స్త్రీ ఆమే.

1958 జనవరిలో ఆమెని కంపెనీ నుంచి పంపేశారు. చేతికి వచ్చింది దాదాపు 30 వేల డాలర్లు, అంటే ఒక ఏడాది జీతం. కంపెనీలో ఆమె పేరిట ఒక్క షేరు లేదు. అదే ఏడాది టప్పర్ తన కంపెనీని కోటీ అరవై లక్షల డాలర్లకి అమ్ముకున్నాడు. వేలమంది తల్లుల హాళ్లు, వాళ్ల స్నేహాలు, వాళ్లు పెట్టిన కాఫీలు కలిసి ఆ కోటీ అరవై లక్షలయ్యాయి. కానీ ఆ హాళ్లకి దారి చూపించిన మనిషికి అందులో వాటా లేకపోయింది.

ఆ మరుసటి ఏడాదే, 1959 మార్చి 15న, ముంబయి గిర్గావ్‌లో ఒక మేడ మీద ఏడుగురు గుజరాతీ ఇల్లాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి అప్పడాలు ఒత్తారు. లిజ్జత్ పాపడ్ కథ అలా మొదలైంది. అందులో చేరిన ఆడవాళ్లు కలిపిన పిండి ఇంటికి తీసుకెళ్లి, పిల్లల మధ్యే కూర్చుని ఒత్తి, ఎండిన అప్పడాలు తిరిగి అప్పజెబుతారు. ఒత్తే ప్రతి మనిషీ ఆ సంస్థలో భాగస్వామే. లాభం వచ్చినా నష్టం వచ్చినా అందరిదీ. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ పోపట్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసే పని అనగానే అన్నీ ఒక గాటన కట్టేస్తాం. డబ్బా అమ్మినా అప్పడం ఒత్తినా ఒళ్లో బిడ్డ ఉంటుంది, పొయ్యి మీద పాలు ఉంటాయి. తేడా ఎక్కడుందంటే, ఆ పని కొన్నేళ్లు చేశాక ఆ మనిషి చేతిలో తనదంటూ మిగిలేది ఏమిటన్న దగ్గర.

కూకట్‌పల్లి ఇల్లాలికి ఇవన్నీ అప్పట్లో తెలియవు. ఆమెకి తెలిసింది గడియారం. పొద్దున ఎనిమిదీ పదికి బడి బస్సు. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా పిల్లాడి నిద్ర. ఆ గంటన్నరలో ఫోను చేద్దామంటే అవతలి ఇళ్లలో అది వంట ముగించి స్నానాలకి లేచే వేళ. కొనేవాళ్లూ తల్లులే. వాళ్లకి తీరిక దొరికేది రెండింటి నుంచి నాలుగింటి దాకా. సరిగ్గా అప్పుడే పిల్లాడు లేచి చంక దిగడు, మూడున్నరకి పిల్ల బడి నుంచి వస్తుంది. మీ టైములో మీరు చేసుకోవచ్చని చెప్పినవాళ్లు ఒక సంగతి మరిచారు. ఈ వ్యాపారం సాగేది కొనేవాళ్ల టైములో. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సర్వేలో, ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం ఈ లెక్కలో లేదు, అది వేరే. ఐదు గంటలు ముందే పోయిన రోజులోంచి తీరిక వేళని తవ్వి తియ్యాలి.

ఆమె తవ్వింది కూడా. చంకలో పిల్లాణ్ణేసుకుని, భుజాన సంచీ తగిలించుకుని బ్లాకులన్నీ తిరిగింది. బిడ్డ ఉంటే తలుపు తొందరగా తెరుచుకుంటుందని, కూర్చోమంటారని, మంచినీళ్లిస్తారని నెల తిరక్కుండానే అర్థమైంది. ఒక మధ్యాహ్నం పిల్లాడికి ఒళ్లు వెచ్చగా ఉంటే, వీణ్ణి పక్కింట్లో పడుకోబెట్టి వెళ్లనా, వెంట తీసుకెళ్లనా అని ఒక్క క్షణం తటపటాయించింది. తీసుకెళ్తే అమ్మకం అవుతుందన్న ఆలోచన మెరుపులా వచ్చి పోయింది. ఆ రోజు ఆమె ఎక్కడికీ వెళ్లలేదు. సంచీ విప్పి, తలుపేసుకుని, పిల్లాడి నుదుటిమీద తడిగుడ్డ వేసి సాయంత్రం దాకా కూర్చుంది.

అసలు దెబ్బ శ్రావణమాసంలో తగిలింది. శుక్రవారం పేరంటానికి కాలనీలో పద్నాలుగు మందిని పిలిచింది. పసుపు రాసి, గంధం పూసి, శనగలూ తాంబూలం చేతిలో పెట్టాక, నెలాఖరు దగ్గర పడుతోంది కదా అని, టేబులు మీద ముందే సర్ది పెట్టుకున్న సరుకు మీద గుడ్డ తీసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఇద్దరు సబ్బులు కొన్నారు, ఒకావిడ షాంపూ తీసుకుంది. అందరూ వెళ్లాక, కింది వాటాలో ఉండే పెద్దావిడ మాత్రం చెప్పులు వేసుకుంటూ ఆగి, "అమ్మాయ్, పేరంటానికి పిలిస్తే పసుపూ కుంకుమా తీసుకుని వెళ్తాం. ఇవాళ బిల్లు తీసుకుని వెళ్తున్నారు" అంది. కోపంగా కాదు, బిడ్డకి చెప్పినట్టే చెప్పింది.

ఆ తర్వాతే ఆమె కొన్ని విషయాలు గమనించడం మొదలుపెట్టింది. తోడికోడలు ఫోను ఎత్తడం తగ్గించింది. లిఫ్టులో ఆవిడెవరో ఎక్కబోయి, తనని చూసి మెట్లవైపు నడిచింది. డిసెంబరులో పిల్ల క్లాసులో ఒకమ్మాయి పుట్టినరోజు చేసుకుంటే క్లాసంతా వెళ్లారు, తన కూతురికి పిలుపు రాలేదు. ఆ అమ్మాయి తల్లికి ఆమె బడి గేటు దగ్గర రెండుసార్లు ప్లాన్ గురించి చెప్పి ఉంది. కారణం అదేనో కాదో ఎవరూ చెప్పరు. కానీ "నన్నెందుకు పిలవలేదమ్మా" అని పిల్ల అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. మొహమాటం బ్యాంకులో వేసిన డబ్బులాంటిదని ఆమె అనుకోలేదు. తీసిన కొద్దీ తరుగుతుందనీ తెలియలేదు. ఆ తరుగు పడింది కూతురి మీద.

మరో పక్క మొహమాటపడకూడని చోట పడుతూ వచ్చింది. ఫోనులో ఉండగా భర్త "కాఫీ" అంటే ఫోను పెట్టేసేది. చుట్టాలొస్తే సరుకు మంచం కిందకి తోసేది. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "ఏదో, కాలక్షేపానికి" అనేది. కాలక్షేపానికి చేసే పనికి పని వేళలు ఉండవు, లాభనష్టాలు ఉండవు, అలసట కూడా ఉండకూడదు. స్నేహితుల దగ్గర మొహమాటాన్ని ఖర్చుపెట్టి, ఇంట్లోవాళ్ల దగ్గర మొహమాటానికి లొంగిపోవడం, ఇంటి దగ్గర వ్యాపారం చేసే చాలామంది తల్లుల్ని అరగదీసేది ఈ రెండూ కలిసే. సరుకు మంచిదా చెడ్డదా అన్నది దాని తర్వాతి మాట.

పలక మీద కూతురు సున్నాలు గీసిన రాత్రి ఆమె చాలాకాలానికి ఆడిటరు గుమాస్తా అయింది. పిల్ల లెక్కల నోటుపుస్తకంలో వెనక పేజీ తిప్పి, ఒక్కొక్కరు ఆరుగురిని చేర్పిస్తే ఎంతవుతుందో వేసింది. 6, 36, 216, 1,296, 7,776. ఐదో మెట్టు దాకా మీటింగుల్లో చూపిస్తారు, అక్కడ చప్పట్లు కొడతారు. ఆమె ఆగలేదు. తొమ్మిదో మెట్టుకి కోటి దాటింది. పదో మెట్టుకి ఆరు కోట్లు. పదకొండో మెట్టుకి 36 కోట్ల పైచిలుకు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా, చంటిపిల్లలతో సహా, ఎనిమిదిన్నర కోట్లకి లోపే. తన కింద చేరిన నలుగురూ ఏ మెట్టు మీద నిలబడి ఉన్నారో, వాళ్ల కింద మెట్లు ఎక్కడ కడతారో ఆ పేజీలో కనబడింది. ఆ నలుగురిలో ఒకతె తన పిన్ని కూతురు. చేరడానికి చిట్టీ డబ్బు పెట్టింది.

తరవాత పేజీలో అసలు పద్దు రాసింది. ఏడాదిన్నరలో వచ్చిన కమీషన్ ఒకవైపు. రెండోవైపు ఆటో చార్జీలు, ఫోను బిల్లు, మీటింగుల టిక్కెట్లు, ఇంకా నెలాఖరుకి అమ్మకం పాయింట్లు తగ్గి తన డబ్బుతో తానే కొని మంచం కింద పెట్టిన డబ్బాలు. డబ్బాలు లెక్కపెట్టడానికి నేల మీద బోర్లా పడుకుని టార్చి వేసి చూడాల్సి వచ్చింది. పదిహేడు ఉన్నాయి. నాలుగింటికి గడువు తేదీ దాటింది. రెండు వైపులా కూడితే మిగిలింది పిల్ల సైకిలు ఖరీదుకన్నా తక్కువ.

తెలుగునాట ఈ గొలుసు పథకాల మీద వివాదం అప్పటికే నడుస్తోంది. 1978లో వచ్చిన చట్టం ఒకటి, మనుషుల్ని చేర్పించడం మీద డబ్బు తిప్పే పథకాలని నిషేధించింది. ఒక పెద్ద కంపెనీ పథకం ఆ చట్టం పరిధిలోకి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తన తీర్పులో అంది. ఆ వార్త పేపర్లో వచ్చిన రోజు ఆమె చదివే ఉంటుంది, కానీ అది పెద్దవాళ్ల గొడవ అనుకుంది. డైరెక్ట్ సెల్లింగ్‌కంటూ విడిగా నిబంధనలు 2021 డిసెంబరు చివర్లో వినియోగదారుల రక్షణ చట్టం కింద వచ్చాయి. గొలుసు పథకాలు కుదరవన్నాయి. ఇంకొక నిబంధన ఉంది, దాన్ని చదివితే ఎవరో ఇలాంటి తల్లి చెబితే రాశారేమో అనిపిస్తుంది. అమ్మేవాళ్లు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అనుమతి తీసుకోకుండా కొనేవాళ్ల ఇంటికి వెళ్లకూడదు. మొహమాటానికి చట్టం కట్టిన చిన్న కంచె అది.

ఆమె ఒక్కరోజులో అన్నీ మానేయలేదు. ముందు పిన్ని కూతురి డబ్బు తన చేతి నుంచి తిరిగిచ్చింది, దానికి మూడు నెలలు పట్టింది. ఎవర్నీ చేర్పించడం మానేసింది. మిగిలిన డబ్బాలు తమ ఇంట్లోనే వాడేశారు. ఖాళీ డబ్బాల్లో కందిపప్పూ, మినప్పప్పూ పోసింది. ఏడాది గడిచాక, ఆడిటరు దగ్గర పనిచేసిన రోజుల్లో పరిచయమైన మంగళగిరి మగ్గాల వాళ్లకి ఫోను చేసి, పన్నెండు నేత చీరలు తెప్పించుకుంది. నిజాం అంచువి. ఈసారి రేటు తను కట్టింది. ఎవరి కిందా ఎవరూ లేరు. నెలనెలా వాయిదాల మీద ఇచ్చేది, పద్దు తన చేతిరాతతో తన పుస్తకంలో. అప్పట్లో మెట్లవైపు నడిచిన ఆవిడ మూడో నెలలో తనే తలుపు తట్టి, బిస్కెట్ రంగు చీర ఉందా అని అడిగింది.

ఇంట్లో కూడా ఆమె రెండు మాటలు పైకి అంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా తను పనిలో ఉంటుంది, ఆదివారమైతే కాఫీ భర్తే పెట్టుకోవాలి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఫోను బీరువాలో ఉంటుంది, కొనేవాళ్లు ఎవరైనా సరే మర్నాడు మాట్లాడాలి. బడి గేటు దగ్గర చీర మాట ఎత్తకూడదన్నది తనకి తాను పెట్టుకున్న కట్టుబాటు. మొదటి నెల భర్త విసుక్కున్నాడు. రెండో నెల పిల్లాడికి అన్నం తినిపించడం నేర్చుకున్నాడు. కూతురు చీరల మడతలు లెక్కపెడుతూ ఎక్కాలు అప్పజెప్పేది. పన్నెండో ఎక్కం దానికి అలానే వచ్చింది.

ఇప్పుడా పిల్లకి ఇరవై దాటాయి. చీరల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేది అదే. కాలనీ మారలేదు, వాటా మారింది.

మొన్నటి వేసవిలో ఒక మిట్టమధ్యాహ్నం తలుపు తట్టిన చప్పుడైంది. ఎదుట పాతికేళ్ల అమ్మాయి. భుజాన సంచీ, చంకలో ఏడాది పిల్లాడు, నుదుట చెమట. "నమస్తే ఆంటీ, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా" అంది. లోపలికి రమ్మని ఫ్యాను వేసి, మంచినీళ్లు ఇచ్చి, ఆమె పిల్లాడి కోసం చేతులు చాచింది. వాడు కొత్త లేకుండా వచ్చేశాడు. అమ్మాయి సంచీలోంచి డబ్బా, కాగితం, పెన్ను తీసింది. కాగితం మీద సున్నా చుట్టబోతుంటే ఆమె మెల్లిగా ఆపి, "ఒక్కమాటమ్మా. ఈ డబ్బా నేను కొంటే నీకెంతొస్తుంది? నేను చేరితే ఎంతొస్తుంది?" అని అడిగింది.

అమ్మాయి లెక్క చెప్పింది. చెబుతూ చెబుతూ తనే ఒకచోట ఆగింది.

ఆమె ఒక సబ్బు కొని డబ్బిచ్చింది. చేరనంది. ఈసారి వచ్చేముందు ఫోను చేసి రమ్మని నంబరు రాసిచ్చింది. అమ్మాయి లేవబోతే "కూర్చో, వాడు పడుకున్నాడు" అంది. పిల్లాడు ఆమె ఒళ్లో, నోరు కొంచెం తెరిచి, చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుని నిద్రపోతున్నాడు. ఆ పిడికిలి వదిలించుకోవడానికి ఇద్దరూ తొందరపడలేదు. మీ ఊరేది, ఏం చదువుకున్నావ్, వీడికి పళ్లెన్నొచ్చాయి అని ఆమె అడుగుతుంటే, అమ్మాయి గొంతు తగ్గించి, పిల్లాడు లేవకుండా, ఒక్కొక్కటీ చెబుతోంది. కాగితం, పెన్ను టేబులు మీదే ఉన్నాయి.